పైవారు

ఆ రోజు కాసులమ్మ చేసిన పాపమల్లా పులుసుకి తాలింపు పెట్టడమే.

మూకుట్లో నూనె కాగింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరప తుంచి వేసి, కరివేపాకు రెమ్మ దూసి పడేసేసరికి మూకుడు 'స్‌స్‌స్' అని బుసకొట్టింది. సరిగ్గా అప్పుడే పక్కగదిలో కూతురు సుందరి ఫోనులో ఒక మాట అంది. ఆ మాటకి ముందున్న అరక్షరం మూకుడు బుసలో పడి వేగిపోయింది. మిగతాది మాత్రం చెక్కు చెదరకుండా గడప దాటి కాసులమ్మ చెవిలో పడింది.

"...పైవేరా? నా కంప్యూటర్లోనా?"

కాసులమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అంటే నేను కొట్టిందంతా చూస్తన్నాదా హైమక్కా? ఎన్నాళ్ళ నుంచి? ...శనివారం లోపలా? ...అలగనకక్కా, నా పని తీసెయ్యకు."

మన భాషలో వచ్చిన చిక్కేమిటంటే, వస్తువు చూసినా 'చూస్తన్నాది', ఆడమనిషి చూసినా 'చూస్తన్నాది'. ఆ ఇంట్లో 'పైవారు' అంటే ఎవరో అడగక్కర్లేదు. ఇరుకు మెట్లెక్కితే పైవాటాలో అప్పమ్మ, ఆమె ఒక్కగానొక్క కొడుకు దేముడు. దేముడు పైనుంటాడని లోకమంతా నమ్ముతుంది గాని, బెంగాలీల రేవుపట్నంలోని వాట్‌గంజ్‌లో ఆ పాత ఇంటి కిందివాటా వాళ్ళకి అది నమ్మకం కాదు, చిరునామా. కంప్యూటరు మొండికేస్తే సుందరి మెట్ల కింద నిలబడి "దేముడన్నా" అని కేకేసేది, ఆ దేముడు తువ్వాలు భుజాన వేసుకుని దిగి వచ్చేవాడు. ఖిదిర్‌పూర్‌లో నెట్ సెంటరు చూసుకుంటాడు మరి.

సుందరి గుమ్మంలోకి వచ్చింది. మొహం ఉల్లిపొరలా పాలిపోయింది.

"పైవారేనేటే?" గొంతు తగ్గించి అడిగింది కాసులమ్మ.

"ఆఁ, స్పైవేరే" అంది సుందరి, మంచం కింద చెప్పులు వెతుక్కుంటూ. చెవిలో ఒకసారి కుదురుగా కూచున్న మాట రెండోసారి కొత్తగా వినపడదు.

"ఎప్పుట్నించే?"

"ఎవరికి తెలుసు? మంచిదాన్లాగే వస్తాది. ఏదో ఒకటి ఊరికే ఇస్తానంటాది. పోనీలే అని లోపలికి రానిస్తే ఓ మూల కూచుని అన్నీ చూస్తాది. చూసిందంతా బయటికి మోసేస్తాది."

కాసులమ్మ గూట్లోకి చూసింది. నిన్న అప్పమ్మ ఊరికే ఇచ్చిన రొయ్యల వేపుడు గిన్నె, తోమి బోర్లించినది, అక్కడే ఉంది. తిరిగివ్వాలంటే అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి గదా అని పులుసు దిగేదాకా ఆపింది.

"మరేటి సేయాల?"

"ముందు లైను కట్ చెయ్యాల. తరవాత ఎక్కడ్నించి వచ్చిందో చూసి పీకి పారెయ్యాల. నేను సాల్ట్ లేక్ ఎల్లి హైమక్కని బతిమాలుకుని వస్తాను. అమ్మా, కంప్యూటర్ ముట్టుకోకు. వాకిట్లో ఎవరికీ చెప్పకు కూడా. ఆస్పత్రి వాళ్ళ చెవిన పడితే ఇవాళే అయిపోద్ది నా పని."

అయిపోతుందన్న ఆ పని సంగతి కాసులమ్మకి బాగా తెలుసు. ఏదో ఆస్పత్రి డాక్టర్లు నోటితో చెప్పినదాన్ని, హైమ అజమాయిషీ చేసే సాల్ట్ లేక్ కంపెనీ పంపుతుంది. సుందరి చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, కింద పెడలు కాలితో తొక్కి ఆ మాటలు నడుపుతూ ఆపుతూ, మనిషి పేరు, రోగం పేరు, కోసిందేమిటి, కుట్టిందేమిటి అంతా ఇంగ్లీషులో కొట్టి పంపుతుంది. ఆ పేర్లు గది దాటకూడదు. అదొక్కటే షరతు. ఇన్నాళ్ళు నమ్మకంగా చేసినందుకు వచ్చే నెల నుంచి ఆఫీసులోనే కుర్చీ వేస్తామన్నారు. ఓడరేవు డాకులో సరుకులెత్తే విన్చి తిప్పే తండ్రి కూర్మయ్య ఇంటి నుంచి కుర్చీలో కూచునే ఉద్యోగానికి వెళ్ళబోయే మొదటి మనిషి సుందరి. ఆ కుర్చీ కాళ్ళు ఎవరో పైనుంచి కోస్తున్నారు.

సుందరి ఆటో కోసం పరిగెత్తింది. పులుసు మాడింది.

*

కూర్మయ్య పేరుకి తగ్గ మనిషి. ఇంట్లో ఏ గొడవ వచ్చినా తల లోపలికి లాక్కుంటాడు. అందుకని కాసులమ్మ తమ్ముడికి ఫోను చేసింది. సత్యారావు కార్పొరేషన్లో గుమాస్తా. మేనకోడలికి ఆ కంప్యూటరు కొనిపెట్టింది అతనే. అందుకని దాని విషయంలో అతని మాటే ఆ ఇంట్లో ఆఖరి మాట, తరచుగా మొదటి మాట కూడాను. మధ్యాహ్నం ఆఫీసు ఎగ్గొట్టి వచ్చాడు. కాసులమ్మ చెప్పింది విని చంకలు గుద్దుకున్నంత పని చేశాడు.

"నేను ముందే అనలేదేటక్కా? ఆ దేముడి వాలకమే నాకు నచ్చదు. బాగుచేసే వంకన ఎన్నిసార్లు ఆ గదిలో కూచోలేదు?"

"సిన్నప్పుడు నా సేత్తో అన్నం తిన్నాడురా."

"తిన్నాడు కాబట్టే ఇంటి గుట్టు తెలిసింది. పిల్ల సంగతి నాకొగ్గేయ్. ఓ కన్నేసి ఉంచమన్నావు, వేసే ఉంచాను. ముందా పైవాళ్ళ సంగతి చూడు."

చూసింది. వీధి స్తంభం నుంచి వచ్చిన నల్లతీగలు వరండా దూలానికి చుట్టుకుని, ఒకటి పైకి పోతోంది, ఒకటి కిటికీలోంచి సుందరి గదిలోకి దూరుతోంది. ఏది ఏదో కాసులమ్మకి తెలీదు. తెలిసిందల్లా ఒకటే, ఆ రెండూ పైవాటాకీ తన ఇంటికీ మధ్య పెనవేసుకుని ఉన్నాయని. కత్తిపీట తెచ్చి వరండాలో వాల్చి, ఒక కాలు పీట మీద వేసి కూచుంది. తీగలు రెండూ కిందికి గుంజి, బీరకాయ తరిగినట్టు టక్కున కోసేసింది. సత్యారావు మెచ్చుకోలుగా తలూపి, ఆఫీసులో సంతకం పెట్టాలని వెళ్ళిపోయాడు.

పైన బెంగాలీ సీరియల్లో ఏడుస్తున్న అత్తగారు ఏడుపు మధ్యలో ఆగిపోయింది. కాసేపటికి పిట్టగోడ మీంచి అప్పమ్మ తల బయటికి వచ్చింది.

"ఒదినా, మీకు బొమ్మ వస్తన్నాదేటి? మాకు పోనాది."

"ఇంకా బొమ్మలెందుకే నీకు? మా ఇంట్లోది సూసింది సాల్లేదేటి?"

అప్పమ్మ నవ్వబోయింది. ఇద్దరూ పెళ్ళిళ్ళై సముద్రపొడ్డు నుంచి ఒకే రైల్లో ఈ ఊరొచ్చినవాళ్ళు, ఇలాంటి మాటలు రోజూ నడిచేవే. కాని కింద కత్తిపీట, తెగిన తీగలు కనపడేసరికి నవ్వు సగంలో నిలిచిపోయింది.

"ఏటే ఆ మాట? నానేటి సూసినాను?"

"నా కూతురు కొట్టిందల్లా సూస్తన్నారు తల్లీకొడుకులు. కూర గిన్నెలు ఊరికే ఇస్తంటే మంచికే అనుకున్నాను. తీగట్టుకుని దిగిపోతారనుకోనేదు."

వాకిట్లో కార్పొరేషన్ కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. సుందరి చెప్పకు అన్న మాట కాసులమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. కాని కోపం అప్పటికే పొంగి మూత ఎగిరిపోయింది.

"నోరు పడిపోద్దే కాసులమ్మా! నా కొడుకు అలాంటోడు కాదు."

"నీ కొడుక్కి దేముడని పేరెట్టినావు. పేరెట్టినంత మాత్రాన అందరి గుట్టూ సూసీడమేనేటి?"

లోపలికి పోయి గూట్లో గిన్నె తెచ్చింది. మూడో మెట్టు మీద ఠంగున బోర్లించింది. ఖాళీ గిన్నె. అప్పమ్మ దాని వంక చూసిన చూపు, చెంప దెబ్బ తిన్న మనిషి చూపు. అప్పు తెచ్చిన చక్కెరకైనా సరే, వాళ్ళ మధ్య ఏ గిన్నే ఇన్నేళ్ళలో ఖాళీగా తిరిగి వెళ్ళలేదు. పైన తలుపు మూసుకుంది. గిన్నె అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం దేముడు పని నుంచి వచ్చాడు. కుళాయి దగ్గర ఎవరో చెప్పే ఉంటారు, మెట్ల దాకా వచ్చి ఆగాడు.

"పిన్నీ, నేనేటి చేశాను?"

కాసులమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. తల ఎత్తలేదు.

"చెప్పు పిన్నీ, నా తప్పుంటే దిద్దుకుంటాను."

"తప్పు సేసినోడికి నాను సెప్పాలేటి?"

దేముడు ఇంకా నిలబడ్డాడు. కుళాయి దగ్గర ఒకావిడ పక్కావిడతో, వినపడేంత మెల్లగా, "రేపట్నించి మా ఆడగుంటని ఈడి నెట్ సెంటరుకి పంపను బాబూ" అంది. అది అతనికీ వినపడింది, కాసులమ్మకీ వినపడింది. అతను వంగి గిన్నెని పక్కకి జరిపి, దాన్ని తాకిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలీనట్టు చొక్కాకి తుడుచుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె వేళ్ళ మధ్య ఉన్నది రాయో గింజో తెలీలేదు.

*

సుందరి వచ్చేసరికి చీకటి పడుతోంది. కిటికీ కింద వేలాడుతున్న తీగ చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"లైను కట్ చెయ్యమన్నావు గదే" అంది కాసులమ్మ.

"కట్ చెయ్యడం అంటే ప్లగ్గు తియ్యడమమ్మా! కత్తిపీటతోనా? ఇప్పుడు చేసిన ఫైళ్ళు ఎలగ పంపాలి నేను?" కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "సరే, పైకెళ్ళి దేముడన్నని పిలుస్తాను. వాడైతే పూటలో తీసేస్తాడు."

"ఒద్దు." కాసులమ్మ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తీగ సంగతి చెప్పిందిగాని, వాకిట్లో తను అన్న మాటలు చెప్పే ధైర్యం చాలలేదు. "ఆళ్ళకి టీవీ పోయిందని కోపంగా ఉన్నారు. మీ మావయ్య సూసుకుంటాడు."

మర్నాడు బంద్. పార్టీ వాళ్ళు ఎర్రజెండాలు కట్టుకుని కూడలిలో కుర్చీలేసుకున్నారు. బస్సు లేదు, ట్రాము లేదు, తీగలతికే కేబుల్ కుర్రాడు ఆ పూటకి క్రికెట్ ఆటగాడయ్యాడు. సుందరి బయటికి పంపలేని ఫైళ్ళని పోగేసుకుంటూ పొద్దంతా కొట్టింది. కాలు పెడలు మీద పడుతోంది, లేస్తోంది. మధ్యలో తెర మీద తనంతట తనే ఒక పెట్టె తెరుచుకునేది. అందులో ఎవరో తెల్లదొరసాని పళ్ళికిలించి ఏదో గెలుచుకున్నావనేది. సుందరి దాన్ని నొక్కి మూస్తే పక్కన రెండు పుట్టేవి.

"ఏటే అవి?"

"పాప్-అప్‌లు."

"పాపాలా?"

"అదే అనుకో" అంది సుందరి, నవ్వకుండా.

తల్లి నీళ్ళకి వెళ్ళిన అదను చూసి సుందరి మెట్లెక్కింది. తలుపు ఓరగా తెరుచుకుంది. కాసులమ్మ బిందె నిండుతూ ఉండగా కిందనుంచే విన్నది.

"అన్న లేడా పెద్దమ్మా?"

"ఉన్నాడు. రాడు. మేం పైవాళ్ళం కదమ్మా. మీ ఇంట్లో మాకేటి పని?"

"పైవాళ్ళేటి? అదేం మాట?"

"మీ యమ్మనడుగు."

తలుపు మూసుకుంది. సుందరి దిగి వచ్చి తల్లి మొహంలోకి చూసింది. కాసులమ్మ బిందె ఎత్తుకుంది. నీళ్ళు భుజం మీద ఒలికాయి. టీవీ తీగకే ఇంత రభసేమిటో సుందరికి అంతుబట్టలేదు, తల్లిని కదిపే ఓపికా లేదు. హైమ వచ్చి మిషను చూస్తానన్న శనివారం పరిగెత్తుకొస్తోంది.

*

శుక్రవారం సాయంత్రానికి కేబుల్ కుర్రాడు తీగలతికాడు. ఆ వెనకే సత్యారావు ఒక సీడీ పట్టుకుని దిగాడు. కాళ్ళు కడుక్కుని, కుర్చీ లాక్కుని, సుందరి పక్కన ఇంజనీరులా కూచున్నాడు. కాసులమ్మ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కూర్మయ్య డ్యూటీ దిగి వచ్చి గోడవార పీట మీద కాళ్ళు పిసుక్కుంటున్నాడు.

"ఇది వేస్తే అన్నీ దెబ్బకి పోతాయి" అన్నాడు సత్యారావు.

"ఎక్కడిది మావయ్యా ఈ సీడీ?"

"ఫుట్‌పాత్ మీదే. మనకి తెలిసినవాడే. మంచివాడు."

"ఒద్దు మావయ్యా. హైమక్క చెప్పింది, తెలీని సీడీలు పెట్టొద్దని."

సత్యారావు మొహం ముడుచుకుంది. కొనిపెట్టినవాడికి వద్దనే మాట ఎప్పుడూ చేదే. ఒక గుక్క టీ తాగాడు. "మంచికి చెప్తే ఒద్దంటావు. పోతే పోనీ ఉద్యోగం. ఏం, కొంప మునిగిందా? కనీసం ఆ సాల్ట్ లేక్‌లో హైమ పక్కగది అద్దెకి తీసుకుని పోదామన్న పిచ్చయినా వదుల్తాది."

మౌసు మీద సుందరి చెయ్యి బిగుసుకుంది.

కాసులమ్మ తమ్ముడి వంక చూసింది, కూతురి వంక చూసింది. గది ఏమిటి? అద్దె ఏమిటి? పిల్ల ఇల్లు వదిలి పోవాలనుకుంటోందన్న మాట చెవిలో పడి చురుక్కుమంది. కాని ఆ చురుకు వెనకే ఇంకేదో ఉంది, పులుసులో ముల్లులా. అది నాలిక్కి తగిలింది.

"ఏ గదిరా?" అంది చివరికి. "నాకు తెలీని గది నీకెలగ తెలిసింది?"

"అదే... పిల్లే ఎప్పుడో..."

"నేను చెప్పలేదు" అంది సుందరి. ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. "హైమక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు మావయ్యా. అక్కకి కూడా నోటితో చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ కూచుని మెయిల్ కొట్టాను. అంతే."

గోడవార కూర్మయ్య తల బయటికి వచ్చింది.

"ఎవులు సెప్పినార్రా నీకు?" అంది కాసులమ్మ.

సత్యారావు గ్లాసు కింద పెట్టాడు. ఎత్తాడు. మళ్ళీ పెట్టాడు. "నువ్వే కదక్కా కన్నేసి ఉంచమన్నావు? రోజంతా తలుపేసుకుని దాంతో కూచుంటోంది, భయంగా ఉందన్నావు. నేను మాత్రం డ్యూటీ మానుకుని కాపలా కాస్తానా? ఫుట్‌పాత్ వాడు చెప్పాడు, ఒక సీడీ ఉంది, పెడితే పిల్ల ఏది కొట్టినా మీ మెయిల్‌కి వచ్చేస్తుంది, ఆమెకి తెలీదు అని. దీపావళికి వచ్చినప్పుడు పెట్టాను. పిల్ల కోసమే. అడ్డదారి పడుతుందేమోనని."

కన్నేసి ఉంచు అంటే ఈ ఊళ్ళో వందమంది ఆడవాళ్ళు వందసార్లు అంటారు. పాలమీద, పసిపిల్లమీద, ఆరేసిన వడియాల మీద. నిజంగా కన్ను తెచ్చి గుచ్చినవాడు సత్యారావొక్కడే.

"అన్నీ చదివావా?" అంది సుందరి.

అతను తల దించుకున్నాడు.

సుందరి ఏడవలేదు, అరవలేదు. మానిటరుకి కాసులమ్మ తన పాత చీరతో పువ్వులు కనపడేలా కుట్టిన ముసుగు ఒకటుంది. ఆ ముసుగు తీసి తెరకి తొడిగింది. అంచులు నాలుగు వైపులా కిందికి లాగి, ఎక్కడా సందు లేకుండా సర్దింది. లేచి వంటింట్లోకి పోయి గోడకి వీపు ఆనించి నిలబడింది. మెడ దగ్గర ఓణీ రెండు చేతులతో దగ్గరికి పట్టుకుంది, చలి వేస్తున్నట్టు. అప్పుడు చలికాలం కాదు.

కాసులమ్మ ఆ చేతుల వంక చూసింది. ఆ చేతులు అలా పట్టుకోడం తన మూలంగానే. తను భయపడింది, తమ్ముడు గుచ్చాడు, మధ్యలో పైవాళ్ళు దెబ్బ తిన్నారు. రేపు పొద్దున్న హైమ వస్తుంది.

మెట్ల దగ్గరికి వెళ్ళింది. గిన్నె ఇంకా మూడో మెట్టు మీదే, దేముడు జరిపిన చోటే ఉంది. రెండు ఇళ్ళవాళ్ళూ పక్కనుంచి నడిచారే గాని ఎవరూ ఎత్తలేదు. తెచ్చి కడిగింది. పొయ్యి మీది పులుసు గిన్నెడు పోసింది, కింద అడుగున ఉన్న ముక్కలు కూడా వెతికి వేసింది. వేడికి కొంగు అడ్డం పెట్టుకుని మెట్లెక్కింది.

అప్పమ్మే తలుపు తీసింది. చూపు గిన్నె మీద పడింది, మళ్ళీ మొహం మీదికి వెళ్ళింది.

"పైవాళ్ళ గుమ్మంలోకి ఎందుకొచ్చినావమ్మా?"

"నీ కాడికి రానేదు. దేముడి కాడికొచ్చినాను."

"మొక్కేటి?"

"మొక్కే." కాసులమ్మ గిన్నె ముందుకి చాచింది. "నీ కొడుకు సూళ్ళేదు అప్పమ్మా. మా వోడే సూసినాడు. నా తమ్ముడు. నానన్న మాటలన్నీ నాకే తగిలినాయి. రేపటికి మిషను బాగవకపోతే నా కూతురి పని పోతాది. నువ్వు నన్ను తిట్టాలంటే తిట్టు, గాని గుంటని సూసి ఆడిని పంపు."

అప్పమ్మ గిన్నె అందుకుంది. కాలింది కాబోలు, "ఇస్స్" అంది. "ఇంత వేడిది ఒట్టి కొంగుతో తెచ్చినావేటే మతి లేదా" అని కసిరింది. ఆ కసురులోనే సగం గొడవ దిగిపోయింది. వెనక దేముడు అప్పటికే సీడీల సంచీ భుజాన తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

*

దేముడు సుందరి అనుమతి అడిగి ముసుగు తీశాడు. ముందు తీగ తీసేశాడు, చేత్తోనే, కత్తిపీట లేకుండా. తరవాత నల్లతెర మీద తెల్ల అక్షరాలు నడిపించాడు. ఆస్పత్రి ఫైళ్ళు మాత్రం వేరే డిస్కులోకి తీసి, ఒక్కొక్కటీ జల్లెడ పట్టాడు. ఒకచోట ఆగాడు.

"మావయ్యా, ఇది పాస్‌వర్డ్ అడుగుతోంది. మీరు పెట్టిందే."

సత్యారావు చెప్పలేక చెప్పాడు. అది సుందరి పుట్టినరోజు. దేముడు తలెత్తకుండానే కొట్టాడు. ఒక పెద్ద కన్ను బొమ్మ తెర నిండా తెరుచుకుంది.

"ఊరికే ఇచ్చినోడు ఒక్క కన్నే ఇవ్వడు మావయ్యా" అన్నాడు దేముడు. అతని మాటలో ఎకసెక్కం లేదు, అదే సత్యారావుకి ఎక్కువ గుచ్చుకుంది. "దాని వెనక తనవి నాలుగు పెడతాడు. మీరు సుందరిని చూస్తన్నారు. మిమ్మల్నీ సుందరినీ ఆస్పత్రినీ కలిపి ఇంకెవడో చూస్తన్నాడు. ఈ పాప్-అప్‌లు, తెర మారిపోడం, హైమగారి కాడికి చెత్త మెయిళ్ళు పోడం, అన్నీ దాని తోకలే. పైపైన పీకితే రాదు. మొత్తం తుడిచి మళ్ళీ వెయ్యాల."

తుడిచాడు. తెర మీద నీలిగీత చీమలా పాకుతూంటే అందరూ దానివంకే చూస్తూ కూచున్నారు. సత్యారావు రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూర్మయ్య "కూకో బావా" అన్నాడు. అంతకన్న పెద్ద మాట ఆ ఇంట్లో కూర్మయ్య నోట ఎవరూ వినలేదు.

కాసులమ్మ వంటింట్లో సుందరి పక్కన చేరింది.

"ఆ సాల్ట్ లేక్ గదికి లోపల ఏసుకుందికి గెడ ఉన్నాదేటే?"

సుందరి తల్లి మొహంలోకి చూసింది. "ఉన్నాదమ్మా."

"గట్టిదేనా?"

"గట్టిదే."

"అయితే సరే" అంది కాసులమ్మ, అడుగంటిన గిన్నె గోకుతూ.

*

శనివారం హైమ వచ్చింది. హైమ కళ్ళజోడు సవరించుకుని మిషను ముందు కూచుని, తను తెచ్చిన పరీక్షలన్నీ ఒకటొకటిగా నడిపింది. సుందరి పక్కన నిలబడి, ఎవరూ అడక్కుండానే, ఎప్పుడు ఎవరు ఏది పెట్టారో దాచకుండా చెప్పింది. సత్యారావు అక్కడే ఉన్నాడు. చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉన్నాడు గాని వెళ్ళలేదు. పైనుంచి అప్పమ్మ, దేముడు కూడా వచ్చారు.

"మిషిన్ సాఫ్‌గ ఉంది" అంది హైమ చివరికి. "పేర్లు బయటికి పోయిన సంగతి ఆఫీసుల నేను రాసియ్యాలె. అది తప్పదు. నువ్వు దాచినవంటే మాత్రం నేను గూడ ఏం చెయ్యలేకపోతుంటి. సోమవారం పని పంపిస్త. వచ్చే నెల కుర్చీ నీదే." సుందరి ఊపిరి వదిలిన చప్పుడు గదంతా వినపడింది. "ఇగ కొత్త పాస్‌వర్డ్ పెట్టు. నీ ఒక్కదానికే తెల్వాలె. అందరు అటు తిరగుండ్రి."

దేముడు అందరికన్న ముందు తిరిగాడు. కూర్మయ్య తిరిగాడు. హైమ తిరిగింది. కాసులమ్మ, అప్పమ్మ భుజం భుజం రాసుకుంటూ తిరిగారు. చివరికి సత్యారావు కూడా గోడవైపు తిరిగాడు. వెనక మీటలు టకటకలాడుతున్నాయి. ముక్కు కేలెండరుకి ఆనేలా నిలబడ్డ అప్పమ్మకి మనసులో మాట ఆగలేదు.

"అన్నీ బాగున్నాయి గాని ఒదినా, మధ్యలో నా పేరెందుకొచ్చినాదే? ఎవులు సెప్పినారే నీకు మేం సూస్తన్నామని?"

"ఇంకెవులు? సుందరే" అంది కాసులమ్మ గోడతో. "ఫోనులో అన్నాది. నా సెవులారా ఇన్నాను. పైవారు దూరినారు కంప్యూటర్లో అని. పైవారేనేటే అని అడిగితే ఆఁ పైవారే అన్నాది."

మీటల చప్పుడు ఆగిపోయింది.

"పైవారా?" అంది సుందరి. "అమ్మా! స్పైవేరమ్మా! స్పై-వేర్! దొంగచాటుగా చూసే ప్రోగ్రాముని స్పైవేర్ అంటారు. పైవారు కాదు!"

గోడ వైపు తిరిగి ఉన్న అందరూ ఆ మాటని నోట్లోనే ఒకసారి చప్పరించి చూసుకున్నారు. ముందు దేముడి భుజాలు ఊగాయి. తరవాత హైమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూర్మయ్యకి నవ్వు కడుపులోంచి విన్చి లాగినట్టు మెల్లగా పైకొచ్చింది.

"మరా 'స్' ఏదే?" అంది కాసులమ్మ, ఇంకా నమ్మలేక. "నాకు 'స్' ఇనపళ్ళేదు."

"అప్పుడు నువ్వేటి చేస్తన్నావు?"

కాసులమ్మ ఆలోచించింది. "తాలింపు ఏస్తన్నాను."

"అయితే ఆ 'స్' పులుసులో పడిపోనాది ఒదినా" అంది అప్పమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నిన్న గిన్నెలో పోసి మాకు పంపినావు సూడు, అందులో ఉన్నాది. తినీసినాం."

"మా దిక్కు పైవాళ్ళంటే బయటోళ్ళు ఆంటీ" అంది హైమ నవ్వాపుకుంటూ. "మీరు పరాయోళ్ళ సంగతి చెప్తుండ్రనుకున్న నేను."

కాసులమ్మ నవ్వు అక్కడ ఆగింది. "పైవారూ కాదు, పరాయోరూ కాదు తల్లీ..." అని, కంటికొసల తమ్ముడి వంక చూసి, మిగతా మాట మింగేసింది.

మీటలు మళ్ళీ టకటకలాడాయి, ఆగాయి.

"అయిపోయింది. తిరగండి" అంది సుందరి.

అందరూ తిరిగారు. సత్యారావొక్కడు మాత్రం ఇంకా గోడనే చూస్తూ నిలబడ్డాడు.